నడుము, డొక్కల బలానికి బరువు వ్యాయామాలు

పక్కటెముకల కింది అంచుకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ, బొడ్డుకు చెరోపక్క ఉండే మెత్తటి భాగం డొక్క. వెనక వెన్నెముక ఒక్కటి తప్ప ఈ మేరలో ఎముకన్నది లేదు. తల, భుజాలు, చేతులు, ఆ చేతుల్లోని మూట, అన్నిటి బరువూ కాళ్లకు చేరాలంటే ఈ నడిమి భాగం గుండానే చేరాలి. దీన్ని చుట్టుముట్టి నిలబెట్టే కండరాల సముదాయాన్ని వ్యాయామశాలల్లో ‘కోర్’ అనీ, అందులో పక్కల ఉండే ఏటవాలు కండరాలను ‘ఆబ్లిక్స్’ అనీ అంటున్నారు. డంబెల్, కెటిల్‌బెల్, ఇసుక మూట, రాతిగుండు, గద వంటి బరువులతో వీటిని బలపరిచే పద్ధతులు ఈ వ్యాసానికి విషయం. ఉదాహరణలు ఎక్కువగా నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు నుంచి, కర్నూలు, కడప మెట్టసీమ నుంచి తీసుకున్నవి. ఆత్మకూరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఉంది. అంతకు ముందు కర్నూలు జిల్లాలో ఉండేది. బరువును ఒకే పక్కన మోయడం, మెలిక తిరుగుతూ ఎత్తడం, పొట్టకు హత్తుకుని లేపడం ఈ ప్రాంతంలో పనిలోనూ ఉన్నాయి, పండగ పోటీల్లోనూ ఉన్నాయి. నేటి వ్యాయామ శాస్త్రం వేర్వేరు పేర్లతో చెబుతున్నదీ ఈ మూడు పద్ధతులనే.

కండరాల అమరిక

డొక్కలో కండరాలు మూడు పొరలుగా ఉంటాయి. అన్నిటికన్నా పైన ఉండేది వెలుపలి వక్ర కండరం. ఇది కింది ఎనిమిది పక్కటెముకల దగ్గర మొదలై, ప్యాంటు జేబులో చెయ్యి పెట్టుకున్నప్పుడు వేళ్లు వాలే దిశలో కిందికీ ముందుకూ దిగుతుంది. దాని కింద ఉండే లోపలి వక్ర కండరం తుంటి ఎముక అంచు నుంచి పైకీ ముందుకూ ఎక్కుతుంది. అంటే ఈ రెండు పొరల నారలూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి. మూడోది అడ్డ ఉదర కండరం; వెన్ను దగ్గరి పొర నుంచి బయల్దేరి పొట్టను చుట్టి వస్తుంది. ముందు భాగంలో రొమ్ము ఎముక కింది నుంచి మొలదాకా దిగే నిలువు కండరం ఉంది. సినిమా నటుల ఫొటోల్లో ఆరు పలకలుగా కనిపించేది అదే. వెనక వెన్నును పట్టి ఉంచే కండరాలు, పైన ఉదరవితానం, అడుగున కటి కండరాలు కలిస్తే నాలుగు దిక్కులూ పైనా కిందా మూసిన గది అవుతుంది.

మనిషి కుడివైపు తిరిగినప్పుడు కుడి లోపలి వక్ర కండరమూ ఎడమ వెలుపలి వక్ర కండరమూ జంటగా పనిచేస్తాయి. ఎడమకు తిరిగితే జంట మారుతుంది. ఒకే పక్కకు వంగేటప్పుడు ఆ పక్క రెండు పొరలూ కలిసి లాగుతాయి. శరీరశాస్త్ర పుస్తకాలు సాధారణంగా ఇంతవరకు చెప్పి ఆగుతాయి. దాంతో డొక్కను బలపరచాలంటే పక్కకు వంగాలి, గిరగిరా తిరగాలి అనే అభిప్రాయం పాతుకుపోయింది. రోజువారీ జీవితంలో మాత్రం ఈ కండరాలు ఎక్కువగా చేసేది నడుమును వంచడం కాదు, వంగనివ్వకుండా ఆపడం. నడుములోని అయిదు వెన్నుపూసలూ కలిసి తిరగగలిగేది ఒక్కో వైపుకు సుమారు 10 నుంచి 15 డిగ్రీలు మాత్రమే. ‘నడుము తిప్పాను’ అని మనం అనుకునే కదలికలో అధిక భాగం ఛాతీ వెనకున్న వెన్నుపూసలదీ తుంటి కీళ్లదీ. ఇంత తక్కువ తిరిగే భాగాన్ని బలవంతంగా తిప్పించడం కన్నా, తిరగకుండా పట్టి ఉంచడం నేర్పడమే మేలైన శిక్షణ.

దీనికి తోడు గాలి ఉంది. బరువు ఎత్తబోయే మనిషి తనకు తెలియకుండానే ఊపిరి లోనికి పీల్చి బిగబడతాడు. ఉదరవితానం కిందికి దిగుతుంది, డొక్క కండరాలు బిగుస్తాయి, మధ్యలో చిక్కిన పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి వెన్నుకు ముందువైపు నుంచి ఆసరా ఇస్తుంది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు (మరణం 1942) తన సర్కస్ ప్రదర్శనల్లో ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి పూరించి దాన్ని తెంచేవారు. ఏనుగును రొమ్ము మీదికి ఎక్కించుకునేవారు. చూసినవాళ్లకు ఛాతీ, భుజాలే గుర్తుండిపోయాయి. ఆ విద్యలో ఊపిరిని బిగబట్టే డొక్కల పాత్ర తక్కువేమీ కాదు. ఆయన వాయుస్తంభన, అంటే ఊపిరిని నిలిపి పట్టే సాధన గురించి చెప్పుకొనే మాటలను మహిమగా కాక శిక్షణగా చూస్తే మరింత బాగా అర్థమవుతాయి.

సీమలో బరువుల సాధన

దక్కన్‌లో బరువుల వ్యాయామానికి లిఖిత ఆధారం పన్నెండో శతాబ్దం నాటికే ఉంది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసంలో మల్లుల దినచర్య చెబుతూ భారశ్రమ, స్తంభశ్రమ వంటి వ్యాయామాలను పేర్కొన్నారు. మొదటిది బరువులతో చేసేది, రెండోది స్తంభం మీద చేసేది. ఆ తర్వాత నాలుగు శతాబ్దాలకు కనిపించే వర్ణన మరింత స్పష్టమైనది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల ఉదయ వ్యాయామాన్ని రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికీ అదే నూనె పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తేవాడు. తాగిన నూనె చెమటగా వెలికి వచ్చేదాకా కత్తిసాము చేసేవాడు. తర్వాత తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టి, ఆపైన తెల్లారేదాకా గుర్రపుస్వారీ చేసేవాడు. నూనె చెమటగా మారుతుందన్నది పేస్ నమ్మకం. శరీరం అలా పనిచేయదు. వ్యాయామాల వరస మాత్రం ఆలోచించదగినది. ముందు బరువు, తర్వాత బరువుతో మెలిక తిరిగే కత్తిసాము, ఆపైన ఎదుటివాడు తిప్పబోతే తిరగకుండా నిలిచే కుస్తీ. డొక్క కండరాలకు ఇంతకన్నా మంచి వరస ఈనాటి శిక్షకులు కూడా సులువుగా రాయలేరు.

రాజులు పోయాక ఈ సాధన గరిడీలు, తాలింఖానాలు అనే పల్లె వ్యాయామశాలల్లో మిగిలింది. దండీలు, బస్కీలు, కర్రసాము, గద తిప్పడం అక్కడి పాఠాలు. పీర్ల పండగ ఊరేగింపుల్లో, గ్రామ దేవతల తిరునాళ్లలో ఆ విద్య ప్రదర్శనకు వచ్చేది. కర్నూలు, కడప పల్లెల్లో ఈనాటికీ నిలిచిన రూపం మాత్రం పోటీ. ఉగాదికో తిరునాళ్లకో ఎద్దుల బండలాగుడు పెట్టినచోట మనుషులకు రాతిగుండు ఎత్తే పోటీ, బండి ఇరుసు ఎత్తే పోటీ, ఇసుక మూట పోటీ కూడా పెడుతుంటారు. ఎద్దుల పందేనికి వచ్చినంత జనం వీటికి రారు. పత్రికల్లో కూడా జిల్లా పేజీ అడుగున రెండు వాక్యాలతో సరిపెడతారు.

గుండు ఎత్తడం నిజానికి ఇనుప బార్‌బెల్ ఎత్తడం కన్నా కష్టం. నున్నటి రాయికి పిడి ఉండదు. గొంతుకూర్చుని, రెండు అరచేతులూ రాయి అడుగుకు జొనిపి, ముందు తొడల మీదికి లాక్కోవాలి. అక్కడ ఒక్క క్షణం ఊపిరి సర్దుకుని, పొట్టకు హత్తుకుని ఛాతీ మీదికి దొర్లించాలి. ఆ తర్వాత భుజం మీదికి. ఛాతీ నుంచి ఒక భుజానికి మారే ఆ చివరి క్షణంలో బరువంతా ఒక పక్కకు పోతుంది. అప్పుడు రెండో పక్క డొక్క బిగిసి నిలబడకపోతే మనిషి రాయితో సహా పడతాడు. స్కాట్లాండ్‌లోనూ ఐస్‌లాండ్‌లోనూ స్పెయిన్ ఉత్తర భాగంలోని బాస్క్ పల్లెల్లోనూ ఇలాంటి రాళ్ల పోటీలే ఉన్నాయి. బాస్క్‌లో దీన్ని గ్రామీణ క్రీడగా నిలబెట్టి, రాళ్లకు కొలతలూ బరువులూ ఖాయం చేసుకున్నారు. మన గుండ్లకు ఆ అదృష్టం ఇంకా పట్టలేదు. ఏ ఊరి గుండు ఆ ఊరిదే.

కోస్తాలో బరువులెత్తే విద్య ఒలింపిక్ క్రీడగా మారింది. ‘ఆంధ్ర భీమ’గా పేరుపడ్డ దండమూడి రాజగోపాలరావు పేరు విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఉంది, 1963 నాటి ‘నర్తనశాల’లో భీముడి వేషం ఆయనదే. ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న దగ్గర శిక్షణ మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. రాయలసీమ గుండు, ఇరుసు ఆ దారి పట్టకుండా తిరునాళ్ల దగ్గరే ఆగిపోయాయి.

పనిలో దాగిన వ్యాయామం

వానలు తక్కువైన నేలలో నీటి కోసం పడే పాట్లన్నీ నడుము మీదే పడ్డాయి. కాలువలో నీళ్లు మడి కన్నా కాస్త పల్లంలో ఉంటే గూడ వేసేవారు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, తాళ్లు కట్టిన గూడను నీటిలో ముంచి, ఊపుతో లేపి, పక్కకు తిప్పి మడిలో ఒంపడం. కింద నుంచి ఏటవాలుగా పైకి, మళ్లీ కిందికి, గంటల తరబడి. నేటి జిమ్‌లో కేబుల్ యంత్రం మీద చేసే ‘వుడ్‌చాప్’ దాదాపు ఇదే కదలిక. బేతంచెర్ల నాపరాయి గనుల్లో సమ్మెట కొట్టడం అదే కదలికకు తలకిందుల రూపం. పట్నం జిమ్‌లో పాత లారీ టైరు మీద సుత్తి బాదుతున్నారంటే డబ్బులిచ్చి చేస్తున్నది అదే. రోకటిపోటు, తిరగలి విసరడం, పెద్ద కుండలో రాగి సంగటి గెలకడం ఆడవాళ్ల వంతు.

కడవ సంగతి కాస్త విడిగా చెప్పాలి. నీళ్ల కడవను చంకన పెట్టుకుని నడిచే స్త్రీ బరువును చేతికి వేలాడదీయదు, తుంటి ఎముక మీద కూర్చోబెడుతుంది. అందువల్ల బరువులో పెద్దభాగం నడుము వెన్నుపూసలను తప్పించుకుని నేరుగా కటికి దిగుతుంది. పైభాగం మాత్రం ఎదుటి పక్కకు వాలి సమతూకం చూసుకుంటుంది. రోజూ ఒకే చంక వాడితే ఒకే వాలు అలవాటవుతుంది. తల మీద మోత లెక్క వేరు. అక్కడ బరువు వెన్ను ఇరుసు మీదే ఉంటుంది, పక్కలకు లాగదు. తూర్పు ఆఫ్రికా స్త్రీల మీద జరిగిన ఒక పరిశీలన 1986లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. తమ శరీర బరువులో అయిదో వంతు దాకా తల మీద మోసినా వాళ్లకు అదనపు శక్తి ఖర్చు కాలేదని అందులో తేలింది.

ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాస ద్వారానికి చేరే అడవి బాట శ్రీశైలానికి పాత దారుల్లో ఒకటి. శివరాత్రికీ ఉగాదికీ సీమ నుంచీ కన్నడ దేశం నుంచీ వచ్చే భక్తులు ఇప్పటికీ ఆ బాటన నడుస్తారు. రాళ్ల మెట్లు, ఎత్తుపల్లాలు, వీపున సంచి, కొందరికి భుజాన బిడ్డ. శాస్త్రం ‘బరువుతో నడక’ అని చెప్పే వ్యాయామానికి ఇంత సహజమైన మైదానం మరొకటి దొరకదు. కాకపోతే ఏడాదిలో ఒకటి రెండు రోజులు మాత్రమే నడిచేవాళ్లకు అది వ్యాయామం కన్నా పరీక్షే అవుతుంది. మిగిలిన ఏడాదిలో అలవాటు లేనివాళ్లు భీముని కొలను దగ్గర ఎక్కుడు మొదలయ్యాక నడుము పట్టుకుని కూర్చోవడం మామూలే.

పని కూడా వ్యాయామమే కదా, మళ్లీ డంబెల్ ఎందుకని అడిగేవాళ్లున్నారు. పనిలో బరువును పని నిర్ణయిస్తుంది, వ్యాయామంలో మనిషి నిర్ణయిస్తాడు. మార్కెట్ యార్డులో హమాలీ 50 కిలోల బస్తా మోస్తాడు. ఈ రోజు ఒంట్లో బాగా లేదు, 30 కిలోలు చాలు అనే వీలు అతనికి లేదు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా పదేపదే ఎత్తదగిన బరువు 23 కిలోలు. ఒళ్లు 90 డిగ్రీలు మెలితిప్పి ఎత్తితే అది దాదాపు 16 కిలోలకు పడిపోతుంది. ఆ లెక్కన లారీ మీది నుంచి బస్తా దించే పని తొలి రోజే హద్దు దాటుతుంది. కాబట్టి హమాలీకి కావలసింది మరిన్ని బరువులు కాదు, విశ్రాంతీ బస్తా బరువు తగ్గించడమూ. కింద చెప్పే వ్యాయామాలు ప్రధానంగా కూర్చుని పనిచేసేవారికి, ఆటగాళ్లకు, ఇంటిపని యంత్రాలకు అప్పగించినవారికి ఉద్దేశించినవి.

ఒంటి చేతి మోత

డొక్క కండరాలకు ఒకే ఒక్క వ్యాయామం ఎంచుకోవాలంటే అది ఒంటి చేతితో బరువు మోస్తూ నడవడం. జిమ్‌లలో దీన్ని ‘సూట్‌కేస్ క్యారీ’ అంటారు. ఒక చేతిలో బరువు, రెండో చెయ్యి ఖాళీ, రెండు భుజాలూ ఒకే మట్టం, నడక మామూలు వేగం. చూడ్డానికి ఇందులో వ్యాయామమే కనిపించదు. లోపల మాత్రం జరిగేది చాలా ఉంది. చేతిలోని బరువు వెన్నుకు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతుంది. దాన్ని నిలువరించే ఎదుటి డొక్క కండరాలు వెన్నుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుంటే, మీటసూత్రం ప్రకారం అవి మూడు రెట్ల బలంతో లాగాలి. 15 కిలోల బరువుకు 45 కిలోలంత లాగుడు. పైగా అడుగు అడుగుకూ ఒక కాలు గాలిలో ఉంటుంది కాబట్టి తుంటి పక్కన ఉండే కండరాలు కూడా పనికి దిగుతాయి.

కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద దశాబ్దాలు పనిచేసిన స్టూవర్ట్ మెక్‌గిల్, సహచరులు 2013లో ఈ విషయాన్నే కొలిచారు. ఒకే చేతిలో 30 కిలోలు మోసినప్పుడు నడుము మీద పడిన భారం, చెరో చేతిలో 30 చొప్పున మొత్తం 60 కిలోలు మోసినప్పటి కన్నా ఎక్కువగా తేలింది. రెండు చేతుల్లో బరువు ఒకదాన్నొకటి సరిచేసుకుంటుంది. ఒక చేతి బరువును కండరాలే సరిచేయాలి, ఆ కండరాల బిగువు కూడా వెన్ను మీదే పడుతుంది. ఈ ఫలితాన్ని రెండు రకాలుగా వాడుకోవచ్చు. సంతలో సామాను తెచ్చేటప్పుడు రెండు సంచులు చేసుకుని చెరో చేత పట్టుకోవడం మంచిది. వ్యాయామం కోసమైతే ఒకటే చేతిలో, తక్కువ బరువుతో.

60 కిలోల మనిషి 10 నుంచి 12 కిలోలతో మొదలుపెట్టి, ఒక్కో చేతికి 20 నుంచి 40 మీటర్లు, మూడేసి మార్లు నడిస్తే చాలు. బరువు వైపుకు వాలినా, దానికి జడిసి ఎదుటి పక్కకు వాలినా బరువు ఎక్కువైనట్టే. డంబెల్ లేకపోతే పిడి ఉన్న నీళ్ల క్యాన్ సరిపోతుంది. అయిదు లీటర్ల క్యాన్ నిండా నీళ్లు పోస్తే అయిదు కిలోలు. అదే క్యాన్‌లో పొడి ఇసుక నింపితే సుమారు ఎనిమిది. సగం నింపిన క్యాన్‌లో నీళ్లు కదులుతూ ఉండటంతో డొక్కకు మరింత పని పడుతుంది. అలవాటయ్యాక బరువును భుజం మట్టానికి, తర్వాత తలపైకి ఎత్తి పట్టుకుని నడవడం తదుపరి మెట్లు.

వంగడం, తిప్పడం, తిరగకుండా ఆగడం

జిమ్‌లో చాలామంది చేసేది డంబెల్ పట్టుకుని పక్కకు వంగి లేవడం. ఇది పనికిమాలినదేమీ కాదు, చేసే తీరే తరచుగా తప్పుతుంది. రెండు చేతుల్లో రెండు డంబెల్స్ పట్టుకుని అటూ ఇటూ ఊగేవాళ్లు కనిపిస్తుంటారు. ఒక పక్క బరువు కిందికి లాగుతుంటే రెండో పక్క బరువు దానికి తూకం వేస్తుంది, డొక్కకు మిగిలే పని దాదాపు ఏమీ ఉండదు. ఒక్క చేతిలోనే పట్టుకుని, నెమ్మదిగా దిగి, ఎదుటి డొక్కతో పైకి లాగాలి. 10 నుంచి 15 సార్లు చేయగల బరువు చాలు. దీన్నే అటు ఇటు కాళ్లకు ఆసరా ఉన్న బెంచీ మీద పక్కకు పడుకుని కూడా చేస్తారు. అది చాలా కఠినం.

‘రష్యన్ ట్విస్ట్’కు ఉన్నంత పేరుకు తగిన పని అందులో లేదు. నేల మీద కూర్చుని, వెనక్కి వాలి, చేతుల్లో బరువును అటూ ఇటూ నేలకు తాకించడం. బరువు లాగేది కిందికి, తిరిగేది అడ్డంగా. అందువల్ల తిప్పే కండరాలకు పడే భారం తక్కువ, తొడ ముందు భాగానికీ వంగి ఉన్న వెన్నుకూ పడేది ఎక్కువ. వేగంగా విసిరి చేస్తే నడుము పూసలు తిరగగల హద్దు దాటుతుంది. వెన్ను నిటారుగా పెట్టి, భుజాలు మాత్రమే తిరిగేలా నెమ్మదిగా చేస్తే హాని తగ్గుతుంది. అంత జాగ్రత్త పడేవాళ్లకు ఇంతకన్నా మంచి వ్యాయామాలున్నాయి.

వాటిలో ముందు చెప్పవలసింది ‘పాలోఫ్ ప్రెస్’. జాన్ పాలోఫ్ అనే ఫిజియోథెరపిస్టు పేరుతో వాడుకలోకి వచ్చింది. ఒక పక్క కిటికీ ఊచకో స్తంభానికో రబ్బరు బ్యాండ్ కట్టి, దాన్ని రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుని, చేతులు ముందుకు చాపి ఆగడం. బ్యాండ్ మనిషిని తనవైపు తిప్పబోతుంది, తిరగకుండా నిలవాలి. నడుము నొప్పి తగ్గాక మళ్లీ వ్యాయామం మొదలుపెట్టేవారికి కూడా ఇది చాలామట్టుకు భద్రమే. కేబుల్ మీద ఏటవాలుగా లాగే వుడ్‌చాప్, బార్‌బెల్ ఒక కొసను మూలకు ఆనించి రెండో కొసను అర్ధచంద్రాకారంలో తిప్పే ‘ల్యాండ్‌మైన్’ దీని తర్వాతి దశలు. వీటిలో తుంటి, పాదం, భుజం కలిసి తిరగాలి. పాదాలను నేలకు అతికించి నడుమును మాత్రమే తిప్పితే మొత్తం భారం చిన్న పూసల మీద పడుతుంది.

గద తిప్పడం ఈ కుటుంబంలోదే. పొడవాటి కర్ర కొసన బరువు ఉండటం వల్ల రెండు మూడు కిలోల గద కూడా వెనక్కి జారినప్పుడు ఒంటిని గట్టిగా లాగుతుంది. తల వెనక నుంచి అది లోలకంలా ఊగి వచ్చేటప్పుడు డొక్కలు బిగబట్టకపోతే నడుము వెనక్కి విల్లులా వంగిపోతుంది. మొదట్లో చిన్న గద తీసుకోవాలి, పక్కన మనుషులు లేకుండా చూసుకోవాలి.

కెటిల్‌బెల్‌తో చేసే ‘టర్కిష్ గెట్‌అప్’ పడుకున్న మనిషి ఒక చేత్తో బరువును పైకి నిలబెట్టి పట్టుకుని, అది కదలకుండా మోచేయి, అరచేయి, మోకాలు వరసగా ఆనించి నిలబడటం. ఒక్కసారి సరిగ్గా చేస్తే అన్ని దిక్కుల డొక్క పనీ అందులో అయిపోతుంది. ముందు ఖాళీ చేత్తో, తర్వాత అరచేతిలో ఒక చెప్పు పెట్టుకుని అది పడకుండా సాధన చేయించే శిక్షకులు ఉన్నారు. ఆ పద్ధతి మంచిదే. పక్కకు పడుకుని మోచేయి మీద లేచి నిలిచే ‘సైడ్ ప్లాంక్’కు తుంటి మీద చిన్న బరువు చేర్చవచ్చు. బరువు లేకుండా అర నిమిషం నిలవలేనివారికి మాత్రం ఆ అవసరం రాదు.

ఫాస్ట్ బౌలర్లది ప్రత్యేక సమస్య. బంతి వేసే చేతికి ఎదుటి పక్కన, లోపలి వక్ర కండరం పక్కటెముకకు అతికే చోట చీలడం వాళ్లకు తెలిసిన గాయం. వారాల తరబడి ఆటకు దూరం చేస్తుంది. వాళ్లకు కండరంలో వేగం కూడా కావాలి గనుక మెడిసిన్ బాల్‌ను గోడకు విసరడం, పక్కకు సాగిన స్థితిలో బరువును నెమ్మదిగా దించడం శిక్షణలో చేరుస్తారు.

మోతాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవాళ్లకు వారంలో కనీసం రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం చెబుతున్నాయి. డొక్కలకు అంతకన్నా ప్రత్యేక లెక్క అక్కర్లేదు. ఒక మోత, ఒక తిరగకుండా ఆగేది, ఒక సైడ్ ప్లాంక్ కలిపి ఇరవై నిమిషాలు, వారంలో రెండు మూడు రోజులు. రోజూ వందలకొద్దీ వంగి లేవడం కండరాన్ని అలవాటు పడేలా చేస్తుందే గాని బలపరచదు. రెండు వారాలు ఒకే బరువు సులువుగా సాగితే ఒకటి రెండు కిలోలు పెంచాలి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి, కష్టమైన భాగం దాటాక వదలాలి. మోసేటప్పుడు మాత్రం డొక్క బిగువు సడలకుండా చిన్నచిన్నగా ఊపిరి తీస్తూ ఉండాలి. రక్తపోటు ఉన్నవారు ఎత్తేటప్పుడు కూడా ఊపిరి బిగబట్టకూడదు.

లేవగానే ఎక్కువ బరువు ఎత్తడం మంచిది కాదు. రాత్రంతా పడుకున్నాక వెన్నుపూసల మధ్య బిళ్లలు నీరు పీల్చి ఉబ్బి ఉంటాయి, వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. వేసవిలో ఎండకు జడిసి తెల్లవారుజామునే వ్యాయామం చేసే సీమవాళ్లకు ఇది ఇబ్బందే. లేచాక గంటసేపు ఇంటిపనో నడకో అయ్యాక బరువు పట్టుకోవడం ఎండకూ వెన్నుకూ కుదిరే ఏర్పాటు.

అపోహలు

డొక్క వ్యాయామం చేస్తే అక్కడి కొవ్వు కరుగుతుందన్నది అన్నిటికన్నా మొండి అపోహ. 2011లో అచ్చయిన ఒక ప్రయోగంలో 24 మందిని తీసుకుని, అందులో ఒక జట్టు చేత ఆరు వారాలు ఏడు రకాల పొట్ట వ్యాయామాలు చేయించారు. వాళ్ల కండరాల ఓర్పు పెరిగింది, పొట్ట కొవ్వు మాత్రం తగ్గలేదు. కొవ్వు ఎక్కడి నుంచి తీయాలో శరీరం తానే నిర్ణయించుకుంటుంది. దీనికి విరుద్ధమైన భయం కూడా ఉంది. బరువుతో పక్కకు వంగితే నడుము లావెక్కుతుందని. డొక్క కండరాలు పలచటి పొరలు, తొడ కండరంలా లావెక్కేవి కావు. నెలకో సెంటీమీటరు పెరిగిన నడుముకు కారణం సాధారణంగా పళ్లెంలో దొరుకుతుంది.

నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుని గుండు ఎత్తేవాళ్లూ మూట మోసేవాళ్లూ మనకు కొత్త కాదు. దాని ఆధునిక రూపం తోలు బెల్టు. పొట్ట దాన్ని తోసుకుని బిగుస్తుంది గనుక లోపలి ఒత్తిడి పెరుగుతుంది, బరువు కాస్త సులువుగా లేస్తుంది. అది గాయం నుంచి కాపాడుతుందన్నదే నిలబడలేదు. అమెరికాలో దుకాణాల్లో సరుకులు మోసే 9,377 మంది ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనం 2000లో వెలువడింది. బెల్టు వాడినందువల్ల నడుము నొప్పి గాని గాయాలు గాని తగ్గలేదు.

ఎవరు జాగ్రత్త పడాలి

గజ్జల దగ్గర కండరపు గోడ పలచబడి పేగు బయటికి ఉబికితే అది గిలక, అంటే హెర్నియా. వెలుపలి వక్ర కండరపు కింది కొస అక్కడ ఒక చిన్న ద్వారంలా ఉంటుంది. ఊపిరి బిగబట్టి బరువు ఎత్తినప్పుడు ఆ ద్వారం మీద ఒత్తిడి పడుతుంది. అక్కడ వాపు కనిపించి పడుకుంటే తగ్గిపోతుంటే బరువులు ఆపి సర్జన్‌కు చూపించాలి. కాన్పు తర్వాత పొట్ట మధ్య గీత వెంట కండరాలు విడిపోయిన స్త్రీలు కొన్ని నెలలు బరువుతో వంగే వ్యాయామాలకు దూరంగా ఉండి, ఊపిరితో అడ్డ ఉదర కండరాన్ని బిగించడం దగ్గర మొదలుపెట్టాలి. కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి ఉన్నవారికి ముందు వైద్యుడు, తర్వాతే వ్యాయామం.

ఎముకలు గుల్లబారిన వృద్ధ స్త్రీల విషయంలో ఒక పాత అధ్యయనం ఇప్పటికీ దారి చూపుతుంది. 1984లో మేయో క్లినిక్ వైద్యులు వెన్నుపూసలు బలహీనపడ్డ 59 మంది స్త్రీల ఫలితాలను ప్రకటించారు. ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి వెన్నుపూసలు మరింత నలిగాయి. వెన్నును వెనక్కి చాచే వ్యాయామాలు చేసినవారిలో ఆ సంఖ్య 16 శాతం. పొట్ట తగ్గాలని అరవై ఏళ్ల ఇల్లాలి చేత నేల మీద వంగి లేవడాలు చేయించే శిక్షకుడికి ఈ లెక్క తెలిసి ఉండాలి. ఆమెకు గోడకు వీపు ఆనించి నిటారుగా నిలబడటం, బోర్లా పడుకుని ఛాతీ కాస్త పైకెత్తడం, తర్వాత ఒక చేతిలో రెండు లీటర్ల సీసాతో వసారాలో అటూ ఇటూ నడవడం సరిపోతాయి.